ఇంగ్లీషు మీడియం బుర్రతో ఫ్రెంచి, ఏ2 దగ్గర బండి ఆగిపోయింది

కాకినాడ_కాజా

అందరికీ నమస్తే. నేను కెనడాలో బ్రాంప్టన్‌లో ఉంటాను. పీఆర్ (శాశ్వత నివాసం) కోసం ఫ్రెంచి మొదలుపెట్టాను, ఇక్కడ మనవాళ్లు చాలామంది చేస్తున్న పనే. పీఆర్‌కి మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్లకు విడిగా డ్రాలు తీస్తున్నారు కదా, దానికి చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింట్లోనూ ఫ్రెంచి స్థాయి కొలిచే కెనడా లెక్కలో ఎన్‌సీఎల్‌సీ 7 రావాలి. నేను ఇంకా ఏ2 దగ్గరే, అంటే మొదటి మెట్ల దగ్గరే గింజుకుంటున్నాను.

సమస్య ఏంటంటే, నేర్చుకునేది మొత్తం ఇంగ్లీషులోనే. యాప్ ఇంగ్లీషు, పుస్తకం ఇంగ్లీషు, క్లాసులో మిగతావాళ్లు ఇక్కడే పుట్టి పెరిగిన ఇంగ్లీషు వాళ్లు. కాగితం మీద క్రియారూపాలన్నీ గడగడా రాసేస్తాను, నోరు తెరిస్తే మాత్రం ముందు ఇంగ్లీషులో వాక్యం తయారవుతుంది, దాన్ని ఒక్కో ముక్కా మార్చుకుంటూ పోయేసరికి ఎదుటివాడు జాలిపడి ఇంగ్లీషులోకి దిగిపోతాడు. ఉచ్చారణ సంగతి చెప్పక్కర్లేదు. ముక్కుతో పలికే అచ్చులన్నీ నాకు ఒకేలా వినిపిస్తాయి. ఇక వినడం అయితే మరీ ఘోరం. పుస్తకంలో "జ న సే పా" అంటే నాకు తెలియదు అని నేర్పారు, బయట ఎవరూ ఆ మాట అనట్లేదు, "షేపా" అంటున్నారు. కుర్చీ ఆడదా మగదా అనే టెన్షన్ సరేసరి.

ఈ గోడ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఎటు నుంచి పట్టుకోవాలో చెప్పండి. కోచింగ్ సెంటర్ పేర్లు వద్దు, మూడు నెలల్లో బీ2 (ఏ2 కంటే రెండు మెట్లు పైది) అనే ప్రకటనలు చూసి చూసి విసుగొచ్చింది.

రెండునదులఊరు

ఫ్రాన్సులో లియాన్ నుంచి. వినడం గురించి మాత్రం చెప్తాను, గ్రామర్ పండితులు వెనకాల వస్తారు.

మీకు నేర్పింది తప్పు కాదు, రాత భాష. మాట్లాడేటప్పుడు "న" ఎగిరిపోతుంది, "పా" ఒక్కటే కాదు అనే పని చేస్తుంది. "జ స్వీ" అంటే నేను ఉన్నాను, అది "ష్వీ" అయిపోతుంది. "ఇల్ యా" అనేది "యా", "త్యు ఆ" అనేది "తా". మేము అనడానికి పుస్తకంలో "నూ" ఉంటుంది, నోట్లో ఎప్పుడూ "ఓఁ". పోదాం పదండి అనాలంటే "ఓఁనీ వా". మనం వెళ్ళుచున్నాము అని రాసి వెళ్తున్నాం అని పలుకుతామే, అంతకంటే వింతేం లేదు. ఇలాంటివి ఓ ఇరవై ముప్పై ఉంటాయి, అవి చెవికి అలవాటు పడితే సగం మబ్బు విడిపోతుంది.

రెండోది, వీధిలో వాడే మాటలు సన్నివేశాలుగా నేర్చుకోండి. బేకరీకి వెళ్లారనుకోండి. లోపలికి అడుగు పెట్టగానే "బోఁజూర్" అనాలి, అది అనకుండా నేరుగా బ్రెడ్డు అడిగితే మీ గ్రామర్ ఎంత బాగున్నా మొహం మాడ్చుకుంటారు. "జ వుద్రే యూన్ బగెత్" అంటారు మీరు, ఒక పొడుగు బ్రెడ్డు కావాలి అని. కొట్లో ఆమె బగెత్ కాగితంలో చుడుతూ తల ఎత్తకుండా "అవెక్ ససీ?" అంటుంది. విడివిడిగా చూస్తే "దీనితో?" అని అర్థం, కానీ అడుగుతున్నది ఇంకేమైనా కావాలా అని. మీరు "స సరా తూ" అనాలి, అంతే చాలు అని. డబ్బులిచ్చాక ఆమె "బొన్ జూర్నే" అంటే "వూజోసీ" అనేసి బయటపడాలి, మీక్కూడా అని. ఈ మొత్తం పదిహేను సెకన్లు. ఏ యాప్ ఏ పాఠంలో పెట్టిందో నాకైతే కనపడలేదు, రోజూ జరిగేది మాత్రం ఇదే.

అంకెలు విడిగా సాధన చేయండి. ఇక్కడ ఫోన్ నంబర్లు రెండేసి అంకెలు కలిపి చెప్తారు. 75 అంటే "సువసాఁత్ క్యాఁజ్", అంటే అరవై పదిహేను. "సువసాఁత్" వినగానే మీ చెయ్యి 6 రాసేస్తుంది, వెనకాల పదిహేను వస్తుంది. 80 నాలుగు ఇరవైలు, 90 నాలుగు ఇరవైల పది. బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్లు 70కి "సెప్తాఁత్", 90కి "నొనాఁత్" అని సుఖంగా బతుకుతున్నారు. మీకా అదృష్టం లేదు, క్యూబెక్‌లోనూ ఫ్రాన్సు లెక్కే.

పంతులమ్మ

కాజా గారూ, హైదరాబాదులో ఫ్రెంచి చెప్తుంటాను. ఇంటర్‌లో మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న పిల్లల నుంచి మీలా పీఆర్ వాళ్ల వరకూ అందరూ వస్తారు. నాకు అర్థమైందేంటంటే మన తెలుగువాళ్లకు ఫ్రెంచి కష్టం కావడానికి ఒక కారణం, దాన్ని ఇంగ్లీషు గుండా నేర్చుకోవడం. తెలుగు నుంచి వెళ్తే దగ్గరయ్యే చోట్ల కూడా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

ముందు నోరు చూడండి. ఇంగ్లీషువాళ్లు పేపర్, టేబుల్, క్యాట్ అన్నప్పుడు మొదటి అక్షరంతో పాటు గాలి బయటికొస్తుంది. ఫ్రెంచిలో రాదు. చిన్న కాగితం ముక్క పెదాలకు ఎదురుగా పట్టుకుని తెలుగులో "పాప" అనండి, కాగితం కదలదు. అదే ఫ్రెంచి "ప". అలాగే ఫ్రెంచి త, ద అనేవి పళ్లకు నాలుక ఆనించి పలికేవి, అంటే అచ్చంగా మన త, ద. మీరు ఇంగ్లీషు మాస్టారు నేర్పిన అలవాటుతో ట, డ వేస్తున్నారు. "మడామ్" కాదు, "మదామ్". "టేబుల్" కాదు, "తాబ్ల్". నోట్సులో ఫ్రెంచి మాటల్ని తెలుగు లిపిలో త, ద పెట్టి రాసుకుంటే నెలలోపే తేడా వినిపిస్తుంది. ఇంగ్లీషులో లాగా ఒక అక్షరాన్ని ఒత్తి మిగతావి మింగేయడం కూడా వద్దు. "యూనివెర్సితే" అన్నప్పుడు అన్ని అక్షరాలకూ సమానంగా విలువిచ్చి చివరిదాన్ని కొంచెం సాగదీయండి, చాలు.

ముక్కు అచ్చులకు మన దగ్గర ఒక గుర్తు ఎప్పటినుంచో ఉంది. అరసున్న. పాత పుస్తకాల్లో "వాఁడు" అని ఉండేది చూసే ఉంటారు. మనం ఇప్పుడు పలకడం మానేశాం కానీ ఆ గుర్తు చెప్పేది అదే, అచ్చును ముక్కుతో కలిపి పలకమని, వెనక న్ గానీ మ్ గానీ రానివ్వద్దని. మీరు సున్న పెట్టేస్తున్నారు, "బోన్", "వాన్" అంటున్నారు, అందుకే అన్నీ ఒకేలా ఉన్నాయి. వీటికి ఓ వాక్యం ఉంది, మంచి తెల్ల వైను అని అర్థం: "అఁ బోఁ వ్యాఁ బ్లాఁ". నాలుగు మాటల్లో నాలుగు రకాలు. మొదటిదీ మూడోదీ పారిస్‌లో దాదాపు కలిసిపోయాయి, క్యూబెక్‌లో ఇంకా విడిగానే పలుకుతారు. అద్దం ముందు నిలబడి ముక్కు మూసి వదిలి పలకండి, ముక్కు మూయగానే శబ్దం మారితే సరిగ్గా పలుకుతున్నట్టు.

మాటకు మాట అతుక్కుపోవడం చూసి మీ క్లాసులో ఇంగ్లీషువాళ్లు బెదిరిపోతారు, మీరెందుకు బెదరాలి? సంధులు చదువుకున్న జాతి కదా. "లే" పక్కన "అమీ" వస్తే "లేజామీ", స్నేహితులు అని. రాతలో దాక్కున్న "స్" అచ్చు తగలగానే "జ్" అయి బయటికొస్తుంది. "ఇల్ ఆ" అనేదాన్ని తిప్పి ప్రశ్న చేస్తే "ఆతీల్" అవుతుంది, మధ్యలో ఎక్కడిదో ఒక "త" వచ్చి కూర్చుంటుంది. నిలువు, అద్దం కలిస్తే నిలువుటద్దం ఎలా అవుతుందో అలాగే, అది ఫ్రెంచివాళ్ల టుగాగమం. కొన్నిచోట్ల మాత్రం సంధి చేయకూడదు. "లే ఏరో" అంటే వీరులు, అక్కడ కలిపి "లేజేరో" అంటే వీరులు కాస్తా సున్నాలైపోతారు. "ఏ" అంటే మరియు, దాని తర్వాత ఎప్పుడూ కలపకూడదు.

ఇప్పుడు వాక్యం. ఇంగ్లీషువాడు నేను దాన్ని ఇష్టపడుతున్నాను అంటాడు. మనం అది నాకు నచ్చింది అంటాం. ఫ్రెంచి కూడా అంతే, "సా మ ప్లే". నువ్వు నాకు గుర్తొస్తున్నావు అనడానికి "త్యు మ మాఁక్", మనలాగే ఇక్కడా కర్త నువ్వే. నాకు కావాలి అంటే "ఇల్ మ ఫో". మీ ఇంగ్లీషు పుస్తకంలో ఇవన్నీ తలకిందులైన వాక్యాలు అని ప్రత్యేక పాఠంగా ఉంటాయి, తెలుగు బుర్రకు తలకిందులేం లేదు. వయసు, ఆకలి, చలి మాత్రం రెండింటికీ దూరం, అక్కడ "నా దగ్గర ఉంది" అనే క్రియ వాడాలి. నాకు ఇరవై ఏళ్లు అంటే "జే వ్యాఁతాఁ". "ష్వీ" పెట్టి చలి, వేడి చెప్పకండి, ముఖ్యంగా వేడి. ఎందుకో తోటివాళ్లను అడగండి, నవ్వి చెప్తారు.

మజ్జిగపులుసు

మేడం, మీరు చెప్పింది బాగుంది గానీ మరీ తెలుగు తల్లి బిడ్డే ఫ్రెంచి అన్నట్టు చెప్తే కాజా అన్న ఇంగ్లీషుని పూర్తిగా పక్కన పెట్టేస్తాడేమో అని నా భయం. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు కుప్పలుగా ఇంగ్లీషులోకి వచ్చాయి, కోర్టు, జడ్జి, బీఫ్, మ్యారేజ్, ఆ వరసంతా అలా వచ్చిందే. సమాచారం, పరిస్థితి, చర్య లాంటి పెద్ద మాటలు చాలావరకు ఇంగ్లీషులో "షన్"తో ముగిసేవి ఫ్రెంచిలో "సియోఁ" అవుతాయి. బీ2 వ్యాసంలో ఆదుకునేది ఆ సరుకే. తెలుగు నుంచి వెళ్తే ఈ మాటలన్నీ ఎక్కడి నుంచి తెస్తారు?

వాక్యంలో మాటల వరస కూడా ఇంగ్లీషుకే దగ్గర. మనకు క్రియ చివర్లో వస్తుంది, పైగా కర్తని ఎగరగొట్టేయడం మనకు అలవాటు. "తిన్నావా? తిన్నాను" అంటే సరిపోతుంది మనకి. ఫ్రెంచిలో కర్త లేకుండా కుదరదు, వాన పడుతోంది అనడానికి కూడా ఎవడో ఒక "ఇల్"ని నిలబెట్టి "ఇల్ ప్లె" అనాలి. ఇక్కడ తెలుగు నుంచి దూకితే కాళ్లు విరుగుతాయి.

ఇంగ్లీషుతో ప్రమాదం వేరే, ఒకేలా కనబడి వేరే అర్థం ఇచ్చే మాటలు. "లిబ్రేరీ" అంటే పుస్తకాల షాపు, గ్రంథాలయం కాదు. "అక్త్యుఎల్మాఁ" అంటే ప్రస్తుతం. "రెస్తే" అంటే ఉండిపోవడం, విశ్రాంతి కాదు. "అసిస్తే" అంటే హాజరు కావడం. పరీక్ష వాళ్లకి ముఖ్యమైనది, "పాసే అఁనెగ్జామ్యాఁ" అంటే పరీక్ష రాయడం మాత్రమే, పాసవడం కాదు. పాసైతే "రేయూసీ" అనాలి. జామ్‌లో "ప్రెజెర్వతీఫ్" ఉందా అని కొట్లో అడగకండి, అది కండోమ్.

యానాం_వాసి

నేను పంతులమ్మ గారి పార్టీ. మా ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఇంటి పక్కనే ఫ్రెంచి మాట్లాడే పెద్దాయన ఉండేవాడు, ఆయన నాకు ఇంగ్లీషు కలపకుండా తెలుగులోనే చెప్పాడు. ఆయన చెప్పిన ఒక్క ముక్క ఇక్కడ పెడతాను, ఎందుకంటే ఏ2లో ఆగిపోయేవాళ్లు ఎక్కువగా ఆగేది భూతకాలం దగ్గర.

"పాసే కోఁపోజే" ఎప్పుడు, "ఎంపర్ఫే" ఎప్పుడు అని ఇంగ్లీషు పుస్తకాలు పేజీలు పేజీలు రాస్తాయి, ఎందుకంటే వాళ్ల వెంట్ (went) అనే మాటకు రెండు అర్థాలూ వస్తాయి. తెలుగులో ఆ గొడవే లేదు. వెళ్లాం అంటే పాసే కోఁపోజే, వెళ్లేవాళ్లం అంటే ఎంపర్ఫే. చిన్నప్పుడు గోదారికి వెళ్లేవాళ్లం అంటే ఎంపర్ఫే, నిన్న గోదారికి వెళ్లాం అంటే పాసే కోఁపోజే. నేను బయటికొచ్చేసరికి వాన పడుతోంది అంటే వాన ఎంపర్ఫే, బయటికి రావడం పాసే కోఁపోజే. తెలుగులో మనసులో అనుకుని చూడండి, "-ఏవాణ్ణి", "-తూ ఉన్నా" వస్తే ఎంపర్ఫే వేసేయండి. ఎప్పుడో ఒకసారి తప్పుతుంది, పర్లేదు.

దాంతో పాటు వెళ్లడం, రావడం, ఎక్కడం, దిగడం, పుట్టడం, చావడం, ఉండిపోవడం లాంటి క్రియలకు పాసే కోఁపోజేలో "ఎత్ర్" (ఉండటం) సాయం పడుతుంది, మిగతావాటిలో చాలావాటికి "అవువార్" (కలిగి ఉండటం). కదలిక ఉంటే చాలనుకోకండి, నడవడం, పరిగెత్తడం రెండూ అవువార్ వైపే.

కాకినాడ_కాజా

అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా ఆ వెళ్లాం, వెళ్లేవాళ్లం ముక్కకి. పది వాక్యాలు రాసి చూశాను, దాదాపు అన్నీ సరిగ్గా పడ్డాయి.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, "నువ్వు" అనే మాటలో ఉన్న ఆ అచ్చు నాకు రావట్లేదు. యూ అంటే కాదంటున్నారు, ఊ అంటే కాదంటున్నారు. రెండోది లింగాలు. మాంట్రియల్ వాళ్లెవరైనా ఉంటే పరీక్షకు క్యూబెక్ యాస అడ్డమవుతుందా అనేది కూడా చెప్పండి.

పంతులమ్మ

అది యూ కాదు, ఊ కాదు. ముందు "ఈ" అని సాగదీస్తూ ఉండండి. నాలుకని ఉన్నచోటే ఉంచి, పెదాలను మాత్రం ఈల వేసేటట్టు ముందుకు గుండ్రంగా తీసుకురండి. వచ్చేది అదే. నాలుక వెనక్కి జారితే ఊ అయిపోతుంది. లిపిలో ఇంకో దారి లేక నేను "యూ" అని రాస్తున్నాను, చదివేటప్పుడు గుర్తుపెట్టుకోండి. "దస్యూ" అంటే పైన, "దసూ" అంటే కింద, ఈ రెండూ మార్చి మార్చి పలకండి. ఇంకో హెచ్చరిక, కొత్తగా వచ్చిందని అన్నిచోట్లా పెట్టేయకండి. "మెర్సీ బోకూ"లో చివరిది మన తెలుగు ఊనే. అక్కడ ఈ కొత్త అచ్చు పెడితే థాంక్స్ చెప్పబోయి వాళ్ల వెనక భాగం బాగుందని చెప్పినట్టవుతుంది.

ర గురించి మీరు అడగలేదు, మంచిది. మన ర వేసినా అర్థమవుతుంది, దానికోసం గొంతు చించుకోకండి, మెల్లగా పుక్కిలించే చోటికి దిగుతుంది.

లింగాలకు మాత్రం తెలుగు సాయం చేయదు. హైదరాబాదు హిందీలో కా, కీ గాలికొదిలేసి బతికేశాం, ఫ్రెంచిలో విశేషణం కూడా మారుతుంది కాబట్టి ప్రతిచోటా దొరికిపోతాం. కాబట్టి మాటకు ముందు "ల, లా" (ఇంగ్లీషు the లాంటివి) కాకుండా "అఁ, యూన్" (ఒక అని, మొదటిది పుంలింగానికి, రెండోది స్త్రీలింగానికి) పెట్టి బట్టీ కొట్టండి, ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాటల ముందు ల, లా రెండూ ఒక్క "ల్" అయిపోయి లింగం కనబడకుండా పోతుంది. మాట చివర చూసి ఊహించొచ్చు కూడా. "సియోఁ"తో ముగిసేవి స్త్రీలింగం. "-మాఁ", "-ఇజ్మ్" పుంలింగం. "-ఆజ్" చాలావరకు పుంలింగమే, బీచి, పేజీ, బొమ్మ, పంజరం లాంటి మాటలు తప్పించుకున్నాయి. "-ఓ" అని పలికి "ఇఏయూ"తో రాసేవి పుంలింగం, నీళ్లు, చర్మం తప్ప.

మావ_మాంట్రియల్

కాజా తమ్ముడూ, యాస అడ్డం కాదు, భయపడకు. ఇక్కడ ఇ, యూ ముందు త, ద వస్తే "త్స", "ద్జ" అయిపోతాయి. "త్యు" కాస్తా "త్స్యు", "దిమాఁష్" (ఆదివారం) కాస్తా "ద్జిమాఁష్". ఇది తెలియకపోతే మొదట్లో ఒక్క ముక్క అందదు, తెలిశాక చెవి తానే సర్దుకుంటుంది. భోజనాలు కూడా చూసుకో, ఫ్రాన్సులో "దెజూనే" అంటే మధ్యాహ్నం, ఇక్కడ పొద్దున టిఫిను. ఎవరైనా దెజూనేకి పిలిస్తే ఒంటిగంటకి వెళ్లకు. థాంక్స్ అంటే "బ్యాఁవన్యూ" అంటారు, అది స్వాగతం కాదు, పర్లేదులే అని.

మేడం చెప్పినవాటికి ఒకటి కలుపుతా. ఇక్కడివాళ్లు ప్రశ్న వేయడానికి క్రియ వెనక ఒక "త్యు" తగిలిస్తారు. "సే బోఁ" అంటే బాగుంది, "సేత్యు బోఁ" అంటే బాగుందా. ఆ త్యు నువ్వు కాదు, మనం చివర్లో పెట్టే "ఆ" లాంటిదే. మాటల్లో హాయిగా వాడుకో, పరీక్ష వ్యాసంలో రాయకు.

పరీక్ష టెఫ్ కెనడా అయితే మాట్లాడే భాగంలో రెండు ఘట్టాలు. మొదటిది ఐదు నిమిషాలు, ఒక ప్రకటన ఇస్తారు, ఫోన్ చేసినట్టుగా వివరాలు అడగాలి, "వూ"తో, అంటే మీరు అని. రెండోది పది నిమిషాలు, స్నేహితుణ్ణి ఒప్పించాలి, "త్యు"తో, అంటే నువ్వు అని. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లు రెండో ఘట్టంలో మధ్యలో వూలోకి జారిపోతారు, మార్కులు అక్కడే పోతాయి. మనకు మీరు, నువ్వు పుట్టుకతో వచ్చినవి, ఎదురుగా కూర్చున్నది మీ ఊరి ఫ్రెండని ఊహించుకుంటే జారవు. కాకపోతే ఒక తేడా ఉంది, మనం వయసు చూసి నువ్వు అంటాం, వీళ్లు పరిచయం చూస్తారు. కొట్లో ఇరవై ఏళ్ల కుర్రాడైనా తెలియనివాడైతే వూనే. క్యూబెక్‌లో త్యులోకి త్వరగా దిగుతారు, ఫ్రాన్సులో ఆగి ఆగి దిగుతారు.

వినడానికి ఆర్ఎఫ్ఐ రేడియో వాళ్లది సులభ ఫ్రెంచిలో రోజూ పది నిమిషాల వార్తలు వస్తాయి, కింద రాత కూడా ఇస్తారు. ముందు రాత చూడకుండా విను, తర్వాత రాత పెట్టుకుని విను, చివరికి వాళ్లతో పాటే గట్టిగా చదువు. ఇక్కడి యాసకు రేడియో కెనడా పెట్టుకో. ఫలితాలు రెండేళ్లే చెల్లుతాయి కాబట్టి పరీక్ష తేదీ తొందరపడి తీసుకోకు, ముందు మాక్ టెస్టులో వినడం ఎంతొస్తుందో చూసుకో. మన జనం దెబ్బతినేది అక్కడే.

కాకినాడ_కాజా

సరే మావా, డేటు బుక్ చేయబోతూ ఆగాను. మాక్ రాసి మార్కులు ఇక్కడే పెడతా.